మోగే రాయి



కొత్త కుండ కొనేటప్పుడు మీ అమ్మమ్మగారు యేం చేస్తారో ఎప్పుడైనా చూశారా? కుండను ఎడమ అరచేతిలో నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, తల వంచి వింటారు. కుండ ఖంగుమంటే డబ్బులిస్తారు. బొదబొదమంటే పక్కన పెట్టి ఇంకొకటి తీస్తారు. వెంట్రుకవాసి బీట వున్నా సరే, కుండ సరిగా మోగదు. ఆ బీట కంటికి కనిపించకపోవచ్చు గాని, చెవికి పట్టుబడిపోతుంది.

ఈ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా అమ్మ వెంట సంతకు వెళ్ళినప్పుడల్లా చూస్తూనే వుండేవాణ్ణి. తెలిసి వుండి కూడా, పంతులునయ్యాక ఒకనాడు తరగతిలో ఒక పొరపాటు చేశాను. ఆ కథే మీకు చెప్పబోతున్నాను.

నేను 1981లో ఉద్యోగంలో చేరి, 2019లో ప్రధానోపాధ్యాయుడుగా పదవీ విరమణ చేశాను. 1986లో అనంతపురం జిల్లాలో, రాయదుర్గం ప్రాంతంలో ఒక పల్లెలో పనిచేసేవాణ్ణి. అక్కడికి బళ్ళారి ఎంతో దూరం లేదు. ఆ సరిహద్దు పల్లెల్లో సగంమందికి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చు. ఆడపిల్లను అటు ఇవ్వడం, కోడలిని ఇటు తెచ్చుకోవడం మామూలే.

ఆ రోజు ఆరవ తరగతికి కొత్త రాతియుగం పాఠం చెబుతున్నాను. ఆ కాలపు మనుషులకు ఇనుము తెలియదనీ, నల్లరాతితో గొడ్డళ్ళు చేసి నునుపుగా నూరుకునేవారనీ, పశువులను మేపేవారనీ చెప్పి, నల్లబల్ల మీద నాలుగు ముక్కలు వ్రాశాను. వెనక వరుసలో గొర్రెల కాపరుల పిల్లవాడు ఒకడు లేచాడు.

"సార్, మా మామ వాళ్ళ ఊరి కాడ కొండమీద యెద్దుల బొమ్మలుండాయి సార్. రాళ్ళ మీద కొట్టినారు. ఆడ కొన్ని రాళ్ళు కొడితే మోగుతాయి సార్. మన బడిగంట మాదిరి."

తరగతి అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "రాయి ఎక్కడైనా మోగుతుందట్రా?" అన్నాను. వాడు తగ్గలేదు. "అట్ల గాదు సార్, నిజంగానే మోగుతుంది. నేను విన్నా," అన్నాడు. ఎదురు చెబుతున్నాడని నాకు కోపం వచ్చింది. వాణ్ణి బెంచీ ఎక్కించి, చేతులు కట్టుకొని నిలబడమని, పాఠం పూర్తి చేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విద్యార్థి పంచేంద్రియాల ద్వారా నేర్చుకునేటట్టు పాఠం చెప్పవలెనని శిక్షణ కళాశాలలో మాకు బోధించారు. దాని మీద పరీక్షలో నాలుగు పేజీలు వ్రాసి నేను మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను!

ఆ పిల్లవాడు మరుసటి సంవత్సరం ఏడవ తరగతితో చదువు మానేశాడు. నాకు బదిలీ అయింది. వాడి సంగతి మరచిపోయాను.

2004లో ఒకరోజు పత్రిక చదువుతూ వుంటే చేతిలో కాఫీ అలాగే వుండిపోయింది. బళ్ళారికి దగ్గరలో కుప్‌గల్ అనే వూరు వున్నది. దాని పక్కనున్న కొండమీద ఆదిమ మానవులు రాళ్ళ మీద కొట్టిన బొమ్మలు వేలకొద్దీ వున్నాయి. వాటిలో చాలా భాగం మూపురమూ పొడవాటి కొమ్ములూ గల యెద్దులు. ఆ రాళ్ళలో కొన్నిటిని చిన్న రాతితో కొడితే గంటలాగా మోగుతాయట. నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు ఈ సంగతులను 'యాంటిక్విటీ' అనే పురావస్తు పత్రికలో ప్రకటించింది. ఆ బొమ్మలను గురించి 1892లోనే ఒక ఇంగ్లీషు పత్రికలో వ్యాసం వచ్చిందట.

వాడు చెప్పింది అక్షరాలా నిజం. ఆ పత్రిక ముక్కను కత్తిరించి దాచుకున్నాను. వెళ్ళి చూడాలనుకున్నాను. పదిహేనేళ్ళు వెళ్ళలేదు. తీరిక లేదని అందరికీ చెప్పేవాణ్ణి. బళ్ళారికి బస్సులో వెళ్ళి రావడానికి తీరిక లేకపోవడం ఏమిటి? సిగ్గుతో వెళ్ళలేదు.

నా పదవీ విరమణ సభకు పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. సభ ముగిశాక నడివయస్సు మనిషి ఒకడు దగ్గరికి వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టి, "సార్, ఆ రాయి చూస్తారా?" అన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేకపోయింది.

2020 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, ఇద్దరమూ బయలుదేరాము. తెల్లవారుజామున కొండ ఎక్కడం మొదలుపెట్టాము. ఆ ప్రాంతపు కొండలు మీరు చూసే వుంటారు. పెద్ద పెద్ద గుండ్లు ఎవరో పేర్చినట్టుగా వుంటాయి. అది గ్రానైట్, లేతరంగు రాయి. కుప్‌గల్ కొండలో విశేషమేమిటంటే, ఆ లేతరంగు కొండకు అడ్డంగా నల్లని గీత ఒకటి వెన్నెముకలాగా కనిపిస్తుంది. అనేక కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపల కరిగివున్న రాతిద్రవం గ్రానైట్ చీలికలోకి ఎగదన్ని, అక్కడే చల్లారి గట్టిపడింది. ఆ నల్లరాయి పేరు డోలరైట్. రాతియుగం మనుషులు గొడ్డళ్ళు చేసుకున్నది ఈ రాతితోనే. ఆ కొండ మీదనే వాళ్ళ గొడ్డళ్ళ కార్ఖానా వుండేదని తవ్వకాలలో తేలింది.

సూర్యుడు ఇంకా పైకి రాలేదు. ఏటవాలు వెలుగు నల్లరాళ్ళ మీద పడుతూ వున్నది. "ఇప్పుడు చూడాల సార్. ఎండ పైకి వస్తే కనపడవు," అన్నాడు నా శిష్యుడు. నిజమే. రాతి మీద దెబ్బతిన్న చోట మిగతా రాతికన్న లేతగా వుంటుంది. కాలం గడిచినకొద్దీ అదీ నల్లబడిపోతుంది. పాత బొమ్మలను పట్టుకోవాలంటే పక్కనుంచి వెలుతురు పడాలి. మొదట నాకు ఏమీ కనిపించలేదు. అటూ ఇటూ జరిగి చూస్తూ వుంటే ఒక కొమ్ము కనిపించింది. తరువాత మూపురం. ఆ తరువాత చూడగా రాయి నిండా పశువులే! అన్నీ ఒకే కాలపువి కావు. చాలా భాగం 4,000 సంవత్సరాలనాటి పశువుల కాపరులు కొట్టినవి. తరువాతివారు కొట్టినవీ వున్నాయి.

కొన్ని బొమ్మలు మనిషి నిలబడడానికి చోటు లేని చోట వున్నాయి. వాటిని కొట్టినవాడు పైనుంచి వేలాడుతూ కొట్టి వుండాలి. తీరిగ్గా కూర్చునే చోట్లు ఎన్నో వుండగా అంత కష్టం ఎందుకు పడ్డాడు? బొమ్మ తయారైతే చాలుననుకునేవాడు అలా చేయడు. ఆ బొమ్మను కొట్టడమే, ఆ చప్పుడే, వాళ్ళకు ముఖ్యమై వుండవచ్చునని బోయివిన్ ఊహించింది. నాకూ అది సబబుగానే తోచింది. నల్లరాతి మీద యెద్దును కొట్టాలంటే వందల దెబ్బలు పడాలి గదా. బొమ్మ ఒకరిద్దరికి కనబడితే, ఆ దెబ్బలు కొండకింద అందరికీ వినబడి వుంటాయి.

ఇంకొంచెం పైకి వెళ్ళాక నా శిష్యుడు ఒక గుండు దగ్గర ఆగాడు. దాని మీద బొమ్మ లేదు. రోకటి దెబ్బలకు రోలు అరిగినట్టు గుంటలు పడి వున్నాయి. ఒక గుంటలో వేళ్ళు పెట్టి చూశాను. లోపల నునుపుగా వున్నది. నాలుగు దెబ్బలతో పడిన గుంట కాదు అది. తరతరాలుగా ఎంతమంది కొడితే అలా అరుగుతుందో! బొమ్మ కోసం కాక, చప్పుడు కోసమే పడిన దెబ్బలు అవి.

"కొట్టేదా సార్?" అన్నాడు.

నేను తటపటాయించాను. పాత వస్తువులను ముట్టుకోరాదని మ్యూజియములకు తీసుకువెళ్ళిన పిల్లలందరికీ చెప్పినవాణ్ణి. ఈ గుంటలు కూడా కొట్టడం వల్ల పడినవే. నేను కొట్టించే దెబ్బ కూడా దాన్ని ఇసుమంత అరగదీస్తుంది. మరి కొట్టకపోతే వినడం ఎలా? 1986 నుంచి ఆ చప్పుడు నాకు బాకీ వున్నది. "ఒక్కసారి. మెల్లగా," అన్నాను. (మీరు వెళితే మాత్రం కొట్టకండి. నేను చేసింది సరి అని చెప్పడం లేదు.)

వాడు గుప్పిటిలో ఇమిడే గ్రానైట్ ముక్కను తీసి, గుంటలో కాక పక్కన మెల్లగా తాకించాడు.

గణ్‌మన్నది. అంత పెద్ద గుండునుంచి వస్తుందనుకున్న మొద్దు చప్పుడు కాదు. లోహపు చప్పుడు. చెవిలోనే కాదు, గుండు మీద వుంచిన నా అరచేతిలో కూడా అది జుమ్మని పాకింది.

రాయి ఎందుకు మోగుతుందో తెలుసుకోవాలంటే మా బడిగంట సంగతి చెప్పాలి. మా బడి ముందు వేపకొమ్మకు రైలుపట్టా ముక్క ఒకటి తీగతో వేలాడదీసి వుండేది. అదే గంట. ఒకసారి తీగ తెగి అది నేలమీద పడింది. నౌకరు దాన్ని నేలమీదనే వుంచి కొట్టాడు. టక్కుమన్నదే గాని మోగలేదు. ఇనుము అదే, సుత్తి అదే. వేలాడుతున్నప్పుడు పట్టాకు స్వేచ్ఛగా కంపించే వీలున్నది; నేలమీద పడితే ఆ కంపనాన్ని నేల మింగేస్తుంది. మీరు ఇంట్లో చేసి చూడండి. స్టీలు గ్లాసును చెంచాతో కొట్టి, మోగుతూ వుండగానే అంచును వేళ్ళతో పట్టుకోండి. చప్పుడు టక్కున ఆగిపోతుంది.

డోలరైట్ గుండ్లన్నీ మోగవు. రాయి సన్నని రేణువులతో దట్టంగా, బీట లేకుండా వుండాలి. పైగా అది కింది రాళ్ళ మీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆని, మిగతా భాగం గాలిలో వుండాలి. మట్టిలో పూడుకుపోయిన గుండు నేలమీది రైలుపట్టా వంటిదే. ఆ రాతియుగపు కాపరి ఈ గుండును వెతికి పట్టుకున్నాడంటే ఎన్ని గుండ్లను కొట్టి చూసి వుంటాడో! అమ్మమ్మగారు కుండలను వాయించినట్టే.

ఒక సంగతి ఆలోచించండి. ఇవాళ మనకు గంటలూ, సైకిలు బెల్లులూ, గిన్నెలూ, లారీ హారన్లూ వున్నాయి. లోహపు మోత మనకు వింత కాదు. కంచుగంటలు లేని కాలంలో, ఎడ్ల అంబారావాలు, గాలి, మనుషుల మాటలు మాత్రమే వినే చెవులకు ఆ గణ్‌మన్న మోత ఎలా తోచి వుంటుంది? రాయి ఆనాటిదే, మోతా ఆనాటిదే. విన్న చెవి మాత్రం ఆనాటిది కాదు. కాబట్టి అక్కడ నిలబడి విన్నంతమాత్రాన వాళ్ళ మనస్సు నాకు తెలిసిపోయిందని నేను అనను. ఆ చప్పుడును పూజలో వాడారో, పండుగలో వాడారో రాయి చెప్పదు. అయితే వాళ్ళ కొండమీద ఒక చప్పుడు వుండేదనీ, దాన్ని తరతరాలు కావాలని వాయించుకున్నారనీ మాత్రం రూఢిగా చెబుతుంది. నా పాఠంలో ఆ మాట లేదు.

ఎండ ఎక్కాక ఒక గుండు నీడలో కూర్చొని, వాడు తెచ్చిన సద్ది విప్పుకున్నాము. జొన్నరొట్టె, ఉలవచారు. ఉలవల వాసన రాగానే నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటారా? ఈ కొండల మీది పాత ఇళ్ళ మట్టిని పురావస్తు శాస్త్రజ్ఞులు నీళ్ళలో కలిపితే, మట్టి అడుగుకు దిగి, ఏనాడో పొయ్యిలో మాడి బొగ్గయిన గింజలు పైకి తేలాయి. వాటిని గాజుబిళ్ళ కింద పెట్టి చూశారు. అందులో వున్నవి ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు. రాతియుగపు పిల్లవాడు ఇంటికి వస్తూ వుండగా గుడిసెలోనుంచి వచ్చిన వాసన బహుశా ఇలాంటిదే. చింతపండూ మిరపకాయా తీసివేసి ఊహించుకోవాలి. మిరపకాయ మన దేశానికి వచ్చి అయిదు వందల యేళ్ళయింది, అంతే.

వాసన మాట వచ్చింది గనుక బూడిద దిబ్బల సంగతి కూడా చెబుతాను. ఈ ప్రాంతంలో బూడిదతో నిండిన పెద్ద పెద్ద దిబ్బలు వున్నాయి. మా జిల్లాలో పాలవాయిలో ఒకటి వున్నది. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అని జనం చెప్పుకుంటారు. ఇనుము కరిగించిన చోటని కొందరు దొరలు అనుకున్నారు. రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మాత్రం, అది పశువుల పేడ కాలిన బూడిద అని పందొమ్మిదవ శతాబ్దంలోనే చెప్పాడు. 1957లో ఆల్చిన్ అనే ఆయన నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వితే పశువుల దొడ్డి బయటపడింది. చుట్టూ దడి పాతిన గుంటలు, లోపల యెద్దుల గిట్టల అచ్చులు! నాలుగువేల యేళ్ళకు పైబడిన ఒక సాయంత్రం యెద్దు బురదలో వేసిన అడుగు అలాగే వున్నది.

పేరుకుపోయిన పేడకు వాళ్ళు అప్పుడప్పుడు నిప్పు పెట్టేవారు. కొన్నిచోట్ల బూడిద కరిగి గాజులాగా గట్టిపడింది. అంటే ఆ మంట ఎంత వేడిగా వుండి వుంటుందో ఊహించండి. అది రాత్రివేళ ఎంతదూరం కనిపించి వుంటుంది? ఆ పొగ ఎన్ని ఊళ్ళకు పాకి వుంటుంది? పిడకల పొయ్యి దగ్గర కూర్చున్న పల్లెటూరి పిల్లలకు ఆ వాసనను నేను వర్ణించి చెప్పనక్కరలేదు. నా చిన్నతనంలో ఆ పొగకు కళ్ళు మండి ఏడ్చేవాణ్ణి. పుస్తకంలో "పశుపోషణ వారి ముఖ్య వృత్తి" అని వుంటుంది. ఆ వాక్యానికి వాసన లేదు.

కొండ కింద నుంచి ధడధడమని చప్పుడు మొదలయింది. దూరంగా రాతిపొడి తెల్లగా లేచింది. క్రషర్. ఈ కొండ మీద కూడా కొంత భాగాన్ని రాయి కోసం పగలగొట్టారు. బొమ్మలున్న గుండ్లు కొన్ని కంకర అయిపోయాయి. ఆపవలసిందని పరిశోధకులు ఎన్నోసార్లు విన్నవించుకున్నారు.

నా శిష్యుడు రొట్టె తినడం ఆపి ఆ వైపే చూస్తూ, "నేనూ పన్నెండేళ్ళు క్వారీలో చేసినా సార్. ఈ కొండ కాదు, వేరే," అన్నాడు. "రాయి మీద సుత్తితో తట్టి వినేవాళ్ళం. మంచి రాయైతే మోగుతుంది. పగులుంటే మోగదు. మోగిన రాయికే రేటు. అదే ముందు పగలగొడ్తారు."

నేనేమీ అనలేకపోయాను. కూలి లేకపోతే వాడి ఇల్లు గడిచేది కాదు. వాడి కూతురు ఇప్పుడు బళ్ళారిలో డిగ్రీ చదువుతున్నదంటే ఆ సుత్తి పుణ్యమే. అయినా వాడు ఆ నల్లగుండు వైపు చూసిన చూపు నాకు మరపు రాదు.

దిగేటప్పుడు నాకు మోకాళ్ళు పట్టేశాయి. వాడు చెయ్యి పట్టుకొని దింపాడు. సగం దారిలో, అంతసేపటి నుంచీ గొంతులో ఆగివున్న మాట అనేశాను. "నిన్ను ఆ రోజు బెంచీ ఎక్కించాను. తప్పు నాది."

"గుర్తుందా సార్ మీకు?" అని వాడు ఆశ్చర్యపోయాడు. "ఎంతసేపు నిలబెట్టినారో గుర్తుందా?"

అది నాకు గుర్తు లేదు.

"గంట కొట్టేదాంక సార్," అని వాడు నవ్వాడు.

బస్సు వచ్చేదాకా మేమిద్దరమూ మళ్ళీ ఏమీ మాట్లాడుకోలేదు. క్రషర్ చప్పుడు మాత్రం వినిపిస్తూనే వున్నది.